గొడుగు బొమ్మ గ్లాసు

ఆ వీధిలో ఆమెను అందరూ నెలల టీచరు అనేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, పురుళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తుంది కాబోలు అనుకునేవారు. అదేం కాదు. మూడేళ్ళు దాటి ఐదు నిండని పిల్లలకి ఆమె ఇరవై రెండేళ్ళుగా నెలకొక విషయం చొప్పున చెబుతోంది. చెప్పడం అన్న మాట కూడా సరికాదు, చేతికి అందించేది. నీళ్ళ నెలలో తొట్టి, జల్లెడ, గరాటు, మునిగే మేకు, తేలే బెండు. చప్పుళ్ళ నెలలో గులకరాళ్ళు పోసి మూత బిగించిన డబ్బాలు. చక్రాల నెలలో ఎవరో పారేసిన సైకిలును తెచ్చి నేలమీద పడుకోబెట్టి, ఇరవై నాలుగు జతల చేతులూ నల్లబడేదాకా విప్పించేది. నెలాఖరున ఎవరు చేసినది వాళ్ళు సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోవాలి. పాత నెల తాలూకు పుల్లముక్క కూడా గదిలో మిగలకూడదు. అదీ పద్ధతి.

నాలుగు దేశాలు తిరిగినవాళ్ళకి తెలుస్తుంది, పసిపిల్లల బడి ఎక్కడికి వెళ్ళినా ఒకే వాసన వేస్తుంది: మైనపు రంగులు, పాలు, తడి చాప, ఎవరో ఒకరి చెడ్డీ. రాజ్యాలు కూలినా, పాఠ్యపుస్తకాలు తిరగరాసినా ఆ వాసన మారదు. ఈ బడి ఒక పాత మేడ కింది అంతస్తులో ఉండేది. రెండు గదులు, ఒక సామాన్ల గది, ఒక వసారా, వెనకాల కుళాయి ఉన్న చిన్న పెరడు. వసారా గోడకి పిల్లల భుజం ఎత్తున కొక్కేల వరస. పేర్లు చదవడం రాని వయసు గనక ఒక్కొక్కరికీ ఏడాది మొదట్లోనే ఒక బొమ్మ అంటించేవారు. కొక్కెం మీద, చాప మీద, నీళ్ళ గ్లాసు మీద అదే బొమ్మ. వారం తిరిగేసరికి అవే పేర్లయిపోయేవి.

"టీచర్, చెంచా నన్ను గిల్లాడు."

"నేను గిల్లలా. తాళంచెవే నా వేలి కిందకి వచ్చింది."

తల్లిదండ్రులకీ ఆ పేర్లే. చేప వాళ్ళ నాన్న, గొడుగు వాళ్ళమ్మ. ఇంటిపేర్లు తాతల నుంచి వస్తాయంటారు గానీ, ఆ వసారాలో మటుకు పిల్లల నుంచి పెద్దలకి వచ్చేవి.

నెలలన్నిటిలోకీ కష్టమైంది గింజల నెల. నీళ్ళు ఎవరినైనా తడుపుతాయి. చక్రం ఎవరు తిప్పినా తిరుగుతుంది. గింజ అలా కాదు. దాని ఇష్టం దానిది. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక పిల్లవాడి చిక్కుడుగింజ కుళ్ళిపోయింది. మూడోనాటి మధ్యాహ్నం అందరూ చాపల మీద నిద్రపోతుంటే వాడు లేచి, మిగతా పిల్లల మొలకలన్నీ వరసపెట్టి కొరికేశాడు. మర్నాడు బడంతా ఒకటే ఏడుపు. వాడి తండ్రి వచ్చి, "గింజ మొలవకపోతే నా కొడుకుని దొంగని చేస్తారా?" అని వాడిని మానిపించేశాడు. ఆ తరువాత వాడేమయ్యాడో ఎవరికీ తెలియదు.

మరుసటి ఏడాది నుంచి ఆమె ఒక ఏర్పాటు చేసుకుంది. పిల్లలు గాజుగ్లాసుల్లో తడిదూది పెట్టి గింజలు వేసిన రోజే, సామాన్ల గదిలో చీపుళ్ళ వెనక, బీరువా మీద, తనూ ముప్ఫై గింజలు వేసేది. రోజూ బడి తెరవడానికి అరగంట ముందే వచ్చి కిటికీ దగ్గరి వరసంతా చూసేది. నల్లబడినది, బూజు పట్టినది కనిపిస్తే తీసి, బడి ఊడ్చే ఆయమ్మ చేతిలో పెట్టేది. బీరువా మీది మొలకను అదే గ్లాసులో, అదే చోట, అదే వంపులో సర్దేది. ఆయమ్మ చచ్చిన గింజను పెరట్లో కుళాయి పక్కనున్న సిమెంటు తొట్టిలో పడేసేది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ బడిలో ఒక్క గింజ కూడా చావలేదు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలన్నారు పెద్దలు. ఆమెది అతికినట్టు కాదు, మొలిచినట్టే ఉండేది.

గింజ వెయ్యడానికి ముందు ఒక వారం పాటు ఆమె ఇంకో పని చేయించేది. బుట్టలోంచి ఎవరి గింజ వాళ్ళు ఏరుకుని, గుప్పిట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వేళ్ళతో దాన్ని నేర్చుకోవాలి. తరువాత అన్నీ ఒక పళ్ళెంలో కలిపేసేవారు. చూడకుండా తడిమి ఎవరిది వాళ్ళు పట్టుకోవాలి. పెద్దలకి ఇది గారడీలా ఉంటుంది గానీ, పిల్లలకి నాలుగు రోజుల్లో వచ్చేసేది. ఆ ఏడాది గొడుగు బొమ్మ పిల్ల ఒక్కసారి కూడా తప్పలేదు.

"ఎలా పట్టావే?" అని ఆయమ్మ అడిగింది.

"నాదానికి నొక్కుంది. నా గోరు అందులో పడుకుంటుంది," అంది గొడుగు, బొటనవేలు చూపించి.

నాలుగేళ్ళ పిల్ల. ముందుపన్ను కొంచెం విరిగింది. ఒక మేజోడు ఎప్పుడూ మడమ మీదకి జారిపోయి ఉండేది. తల్లి చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. బిడ్డను దించడానికి వచ్చేటప్పటికే ఆమె ఏప్రను నిండా దారపు పోగులు ఉండేవి. తండ్రి లిఫ్టులు బాగుచేసేవాడు, మాటలు తక్కువ మనిషి.

గొడుగుకి నీళ్ళంటే పిచ్చి. పొద్దున ఒకసారి పొయ్యమంటే నాలుగుసార్లు పోసేది. నాలుగోనాటికి ఆ పిల్ల గింజ నల్లబడి మెత్తబడిపోయింది. ఐదోనాటి పొద్దున టీచరు దాన్ని తీసి ఆయమ్మకి ఇచ్చి, బీరువా మీది ఒక మొలకను గొడుగు బొమ్మ గ్లాసులో పెట్టింది. అలవాటైన చేతులు, నిమిషం పట్టలేదు.

గొడుగు వచ్చింది. సంచి కొక్కేనికి తగిలించి, గ్లాసుకి ముక్కు ఆనించి చూసింది. వేలు దూదిలోకి దూర్చింది. ఆ తరువాత చాలాసేపు వేలు తియ్యలేదు.

"ఇది నాది కాదు."

"నీదేనమ్మా. బొమ్మ చూడు."

"బొమ్మ నాదే. గింజ నాది కాదు. నొక్కు లేదు."

"మొలకొచ్చాక నొక్కు పోతుంది తల్లీ. నీళ్ళు తాగి ఉబ్బింది కదా."

"చేప గింజ మీద మచ్చ పోలేదు."

"ఒక్కో గింజది ఒక్కో తీరు."

నేల తుడుస్తున్న ఆయమ్మ చెయ్యి ఆగింది. అబద్ధాన్ని పట్టుకున్నప్పుడు పిల్లలు దానివైపు చూడరు. ఆడినవాళ్ళ ముఖంవైపు చూస్తారు. ఆ చూపు ఎంతసేపు ఉందో టీచరుకి గుర్తులేదు. ఇంకెవరో మూత్రానికి వెళ్ళాలన్నారు, పాల డబ్బా వచ్చింది, పని పనిలో కలిసిపోయింది. ఆ రోజు నుంచి గొడుగు తన గ్లాసులో నీళ్ళు పొయ్యలేదు. చెంచాదాంట్లో పోసింది, తాళంచెవిదాంట్లో పోసింది. తనదాని దగ్గరికి పోలేదు. టీచరే పోసింది. మొక్కకి ఎవరు పోస్తే ఏమిటి, అది ఏపుగా పెరిగింది.

మరో నాలుగు రోజులకి గొడుగుకి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచారు. డాక్టర్లు మూడుసార్లు మూడు పేర్లు చెప్పారు. పదో రోజు పేరు చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

బడి నడిపే మేడమ్ పిల్లలతో, గొడుగు వేరే బడికి వెళ్ళిందని చెప్పింది.

"బొమ్మ తీసుకెళ్ళకుండానా?" అన్నాడు చెంచా.

"అక్కడ వేరే బొమ్మ ఇస్తారు," అంది మేడమ్. టీచరు కిటికీవైపు తిరిగి గ్లాసులు తుడిచింది.

నెలాఖరు వచ్చింది. అప్పటికి మొలకలన్నీ దూదిలోంచి మట్టి డబ్బాల్లోకి మారాయి. డబ్బాకి బొమ్మ, బొమ్మకి సంచి. పిల్లలంతా వెళ్ళిపోయాక వసారాలో ఒక మనిషి నిలబడి ఉంది. ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, ఏప్రను విప్పలేదు.

"దానిది కూడా ఉందని విన్నాను," అంది గొడుగు వాళ్ళమ్మ.

టీచరు డబ్బా తెచ్చి ఇచ్చింది. జానెడు తీగ, ఆరు ఆకులు. తల్లి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"మా పాప తన చేత్తో వేసింది ఇదేనా అండీ?"

టీచరు నోరు తెరిచింది. మాట నాలుక మీదకి వచ్చే లోపలే మేడమ్ గదిలోంచి వచ్చి ఆ తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇదేనమ్మా. అన్నిటికంటే బాగా వచ్చింది ఇదే."

"ఆకు మీద నా ఊపిరి తగిలినా భయమేస్తోంది," అంది తల్లి. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయింది. బస్సు మలుపు తిరిగేదాకా టీచరు గుమ్మంలోనే ఉంది.

"ఏదో అనబోయారు," అంది మేడమ్, ఆమె లోపలికి వచ్చాక.

"ఆ గింజ నేను మార్చాను."

"ఏటా మారుస్తూనే ఉన్నారుగా. ఇప్పుడు నిజం చెప్పి ఎవర్ని ఉద్ధరిస్తారు? ఆ ఆరాకులూ పట్టుకుని బతుకుతోంది ఆవిడ."

టీచరు అక్కతో కలిసి ఉండేది. భర్త ఒకప్పుడు ఉండేవాడు. ఇప్పుడు ఇంకో ఊళ్ళో ఇంకొకరికి ఉన్నాడు. అక్క నలభై ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేసి రిటైరయింది. ఆవిరికి వేళ్ళ చర్మం శాశ్వతంగా ముడతలు పడిపోయింది. నాలుక మాత్రం ఇస్త్రీ పెట్టంత వేడిగా ఉండేది. ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు.

"ఏమే, కంచానికి పాఠం చెబుతున్నావా? అది నీకంటే ముందే నేర్చుకుంది. తిను."

టీచరు జరిగింది చెప్పింది. అక్క నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"నలభై ఏళ్ళు ఉతికాను. ఏ మరక ఎవరిదో నాకు తెలుసు. ఏ చుట్టానికైనా చెప్పానా? నువ్వూ నోరు కుట్టేసుకో."

"నిన్నెవరైనా అడిగారా అక్కా?"

"మరకల గురించి ఎవడడుగుతాడు?"

"నన్నడిగింది. ఇదేనా అని అడిగింది. నా కళ్ళలోకి చూసి అడిగింది."

"అయితే నీ ఖర్మ," అని అక్క లేచి కంచాలు తీసింది.

చక్రాల నెల మొదలైంది. పాత సైకిలు వచ్చింది. ఆ నెలంతా టీచరు, గుమ్మం ముందు ఏప్రను కట్టిన మనిషి ఎవరు కనిపించినా గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుంది. పిల్లలు బోల్టులు విప్పుతుంటే ఆమె చేతులు ఊరికే ఒళ్ళో పడి ఉండేవి. చేతులతో నేర్చుకోండర్రా అని ఇరవై రెండేళ్ళు చెప్పిన మనిషికి, నేర్చుకున్న చేతులే తన దొంగతనం పట్టుకోవడం మింగుడుపడలేదు. కళ్ళని మోసం చెయ్యడానికి ఆమెకి వంద ఉపాయాలు వచ్చు. వేలుని మోసం చెయ్యడం ఎలాగో రాదు. ఆ విద్య తనే నేర్పింది.

నెల సగం అయ్యాక ఒక పొద్దున, బడికి ఇంకా అరగంట ఉందనగా గొడుగు వాళ్ళమ్మ వచ్చింది. భర్త కూడా వచ్చాడు గానీ గేటు దాటలేదు. చువ్వలు పట్టుకుని బయటే నిలబడ్డాడు. ఆమె చేతిలో డబ్బా. ఆకులు పసుపురంగు తిరిగి వేలాడుతున్నాయి.

"ఎండలో పెట్టాను, నీడలో పెట్టాను. నీళ్ళు మానేసి చూశాను. ఏం చేసినా ఇలాగే అయిపోతోంది. మీ చేతిలో బతుకుతుంది టీచరుగారూ. దాని చెయ్యి తగిలింది ఇదొక్కటే మిగిలింది మాకు."

పెరటి గోడ మీద, బీరువా మీంచి దించిన మొక్కలు ఇంకా మూడు ఉన్నాయి. అదే ఈడు, అదే పొడవు. "రెండు రోజులు ఇక్కడ ఉంచండి," అంటే చాలు. ఆయమ్మ అప్పటికే గోడవైపు చూసి, టీచరువైపు చూసి, చీపురు పట్టుకుని నిలబడింది. ఒక్క మాటతో తల్లి ఇంటికి పచ్చని మొక్కతో వెళ్తుంది. నాలుగు నెలలకి అదీ ఎండుతుంది. చిక్కుడు ఎన్నాళ్ళు బతుకుతుందని? మళ్ళీ వస్తుంది. మళ్ళీ మార్చాలి. ఈ అబద్ధం ఏడాదికి మూడు పంటలు పండుతుంది.

"ఇది పాప వేసింది కాదమ్మా," అంది టీచరు.

తల్లికి అర్థం కాలేదు.

"పాప వేసింది ఐదో రోజుకే కుళ్ళిపోయింది. నేను తీసేసి ఇంకోటి పెట్టాను. పిల్లలు ఏడుస్తారని ఏటా అలాగే చేస్తాను. ఆ రోజు మీరడిగినప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు."

తల్లి డబ్బావంక చూసింది. తరువాత, ఎవరో వెనక నుంచి పిలిచినట్టు, తల కొంచెం పక్కకి తిప్పింది.

"పాప చెప్పింది," అంది.

టీచరు కదలలేదు.

"'టీచరు నా గింజ మార్చేసిందమ్మా' అంది. టీచర్లు అలా చెయ్యరు, లేనిపోనివి చెప్పకు అన్నాను. నాలుగు రోజులూ అదే మాట. 'నొక్కు లేదమ్మా, నాకు తెలుసు' అంది. అబద్ధాలు నేర్చుకుంటున్నావా అని..." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఒక్కటి వేశాను. ఏమీ తినకుండా పడుకుంది. పొద్దున లేపితే ఒళ్ళు కాలిపోతోంది."

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఎంత నిలకడ మీద, ఎవరు పోయాక అన్నది ఆ సామెత చేసినవాళ్ళు చెప్పలేదు.

"ఎక్కడ పారేశారు దాన్ని?" అంది తల్లి.

ఆయమ్మ తొట్టి చూపించింది. ఇరవై ఒక్క ఏళ్ళ చచ్చిన గింజలూ, పాత దూదీ, మట్టీ కలిసిన తొట్టి. తల్లి డబ్బాను కింద పెట్టి తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు మోచేతుల దాకా లోపలికి దించింది.

"నొక్కు ఎంతుంటుంది?"

"బొటనవేలి గోరు పట్టేంత. పాప గోరు," అంది టీచరు. తనూ పక్కన కూర్చుని చేతులు పెట్టింది. గింజ అన్నది మట్టిలో ఇన్నాళ్ళు ఉంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అయినా వెతికారు. తల్లి కళ్ళు మూసుకుంది. కూతురు ఇంట్లో అలా ఆడి చూపించి ఉంటుంది.

పిల్లలు రావడం మొదలైంది. సంచులు కొక్కేలకి తగిలించి, గదిలో ఎవరూ లేరని పెరట్లోకి వచ్చారు.

"ఏం వెతుకుతున్నారు?" అన్నాడు చెంచా.

"గింజ," అంది తల్లి, కళ్ళు తెరవకుండా.

ఇక చెప్పక్కర్లేదు. అది వాళ్ళకి వచ్చిన పాఠమే. తాళంచెవి గౌను మడిచి కూర్చుంది. చేప కూర్చున్నాడు. తొట్టి చుట్టూ పట్టినంతమంది పట్టారు, చేతులు మట్టిలో పెట్టారు, కళ్ళు మూసుకున్నారు. కాసేపు కుళాయి చుక్క తప్ప ఇంకో చప్పుడు లేదు. దొరికింది దొరికినట్టు తెచ్చి తల్లి అరచేతిలో పెట్టారు. గులకరాయి. పెంకు. ఎండిన పొట్టు. ఒకటొకటే వేలితో తడిమి, "కాదు," అంది. "కాదు." "ఇదీ కాదు నాన్నా."

"గొడుగు కొత్త బళ్ళో ఇప్పుడు ఏ నెల?" అన్నాడు చెంచా.

తల్లి కళ్ళు తెరిచింది. చెంచాని కాదు, టీచరునే చూసింది. అదే చూపు. ఆ చూపు టీచరు ఇంతకు ముందు నాలుగేళ్ళ ముఖంలో చూసింది.

"ఇంకా ఏమేం మార్చారు?" అంది.

తల్లి చెంచావైపు తిరిగి, మట్టిచేత్తో వాడి చొక్కా కాలర్ సరిచేసింది; కుట్టేవాళ్ళ అలవాటు.

"గొడుగు ఏ బడికీ వెళ్ళలేదు నాన్నా. చచ్చిపోయింది. ఇక రాదు."

"ఊఁ," అన్నాడు వాడు. "నా గ్లాసులో నీళ్ళు పోసేది," అన్నాడు.

"అవునా," అంది ఆమె.

లేచి ఏప్రనుకి చేతులు తుడుచుకుంది. దారపు పోగులు మట్టితో అంటుకుపోయాయి. వాడిపోయిన డబ్బాను కాలితో కాదు, చేత్తోనే మెల్లగా టీచరువైపు జరిపింది.

"ఇది మీది. మీరే ఉంచుకోండి."

గేటు దగ్గర భర్త ఏమిటన్నట్టు చూశాడు. ఆమె చెప్పిందో లేదో ఇవతలికి వినిపించలేదు. అతను చువ్వల మీంచి చేతులు తీసి, ఆమె వెనకే నడిచాడు. మళ్ళీ ఆ వీధికి వాళ్ళు రాలేదు.

మేడమ్ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు ఇద్దరు పిల్లల తల్లిదండ్రులు వచ్చి, చావు సంగతి ఇంత చిన్నవాళ్ళకి ఎవరు చెప్పమన్నారని కేకలేసి పోయారు. ఒకరు బిడ్డను మానిపించారు కూడా. టీచరును తీసెయ్యలేదు, ఆ పని ఆ తీరున చేసే మనిషి ఇంకొకరు దొరకలేదు, అంతే. వాడిన మొక్క వారంలో ఎండిపోతే ఆయమ్మ దాన్ని పీకి అదే తొట్టిలో వేసింది.

మరుసటి ఏడాది గింజల నెలలో బీరువా మీద చీపుళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఎవరిదైనా మొలవకపోతే?" అంది మేడమ్.

"మొలవదు," అంది టీచరు.

ఐదు మొలవలేదు. పడవ బొమ్మ పిల్లవాడు తన గ్లాసు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె దూదిలోంచి నల్లటి గింజను తీసి వాడి అరచేతిలో పెట్టింది. వాడు దాన్ని వేళ్ళతో నలిపి చూశాడు. మెత్తగా చితికింది.

"చచ్చిపోయిందా?"

"చచ్చిపోయింది."

"ఇంకోటిస్తావా?"

"ఇస్తాను. కానీ అది ఇది కాదు."

వాడు ఏడుపు మొదలుపెట్టాడు. టీచరు ఏ బొమ్మా చూపించలేదు. పక్కనే నేలమీద కూర్చుంది. పాల గంట కొట్టినా వాడు ఏడుపు ఆపలేదు.